నర్సు పిన్ పదిలంగా ఉండాలంటే: బ్రిటన్ 'ఎన్‌ఎంసీ కోడ్', దాని విచారణ సేవపై రివ్యూ

బ్రిటన్‌లో నర్సు ఉద్యోగానికి సీబీటీ అనే కంప్యూటర్ పరీక్ష ఎలా రాయాలి, ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్షలో ఏ స్టేషన్‌లో ఏం చేయాలి అని చెప్పే వీడియోలు కుప్పలుగా ఉన్నాయి. పిన్ (రిజిస్టర్‌లో పేరు చేరాక ఇచ్చే నంబరు) చేతికొచ్చాక ఏటా కట్టే 120 పౌండ్లకి ఏమొస్తుందో చెప్పేవాళ్ళు మాత్రం అరుదు. ఆ ఫీజు తీసుకునేది నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్. దీన్నీ ఎన్‌ఎంసీ అనే అంటారు. మన పేపర్లలో కనిపించే నేషనల్ మెడికల్ కమిషన్‌కీ దీనికీ సంబంధం లేదు. 2002 నుంచి పనిచేస్తున్న ఈ కౌన్సిల్ ఇచ్చేవి మూడు: రిజిస్టర్‌లో పేరు, 'కోడ్' అనే నడవడిక నియమావళి, అది తప్పారని ఎవరైనా ఫిర్యాదు చేస్తే విచారణ. రిజిస్టర్ చక్కగా నడుస్తుంది. కోడ్ నిజంగా పనికొచ్చే పుస్తకం. విచారణ దగ్గరికొచ్చేసరికి మార్కులు కోయక తప్పదు.

ఫీజు సంగతి ముందే తేల్చేద్దాం. 2015లో 100 నుంచి 120 పౌండ్లకి పెంచారు. ఒకేసారి కట్టలేకపోతే మూడు నెలల వాయిదాల్లో కట్టొచ్చు. దీని మీద ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. 20 శాతం పన్ను కట్టే నర్సుకి ఏడాదికి 24 పౌండ్లు వెనక్కొస్తాయి, వెనకటి నాలుగేళ్ళవీ కలిపి అడగొచ్చు. చాలామంది అడగరు.

కోడ్ ఎలా ఉంది

ఇక్కడ చూస్తున్నది 2015 మార్చిలో అమల్లోకి వచ్చి 2018 అక్టోబరు 10న సవరించిన కూర్పు. ఉచితంగా దింపుకోవచ్చు, ఒక్క పూటలో చదివేయొచ్చు. రోగికి మొదటి స్థానం, పనితనం, భద్రత, వృత్తి మీద నమ్మకం అని నాలుగు భాగాలు. వాటి కింద వరసగా 25 అంశాలు, ఒక్కోదాని కింద 10.1, 10.3 అని ఉపాంశాలు. రాసిన తీరు లాయర్ల కోసం కాదు, వార్డులో నిలబడే మనిషి కోసం. దీని బలమంతా అక్కడే ఉంది. డ్యూటీ దిగేటప్పుడు 'ఇవాళ ఇది చేశానా లేదా' అని సరిచూసుకోగలిగినట్టు చాలా వాక్యాలు ఉంటాయి.

రికార్డుల గురించిన 10వ అంశం తీసుకోండి. జరిగినప్పుడే, లేదా ఆ తర్వాత వీలైనంత త్వరగా రాయాలి. ఆలస్యంగా రాస్తే ఆ సంగతి ఆ నోట్‌లోనే రాయాలి. రాసింది ఎవరో, ఏ తేదీన, ఎన్ని గంటలకో ఉండాలి. ఊహలు, అక్కర్లేని పొట్టి మాటలు ఉండకూడదు. మన దగ్గర డ్యూటీ ఆఖర్న కూర్చుని పేషంట్లందరి చార్టులూ ఒక్క ఊపులో నింపేసే అలవాటు చాలా వార్డుల్లో ఉంది. జనం ఎక్కువ, చేతులు తక్కువ కాబట్టి అలా వచ్చిందది. బ్రిటన్‌లో ఆ అలవాటు మెడకు చుట్టుకుంటుంది. రాత్రి రెండింటి బీపీని ఉదయం ఏడింటికి ఎక్కించి పక్కన 02:00 అని వేస్తే సరిపోదు. ఎలక్ట్రానిక్ రికార్డు, ఆ ఎంట్రీ ఎన్నింటికి ఎవరి లాగిన్ నుంచి వచ్చిందో తనంతట తనే పట్టి ఉంచుతుంది. విచారణలో ముందు బయటికి తీసేది ఆ పట్టీనే. చేయాల్సింది చిన్న పనే: '07:10కి రాస్తున్నాను, 02:00కి చూసిన రీడింగ్' అని ఒక్క వాక్యం. ఆ వాక్యం ఉంటే ఆలస్యం. లేకపోతే తప్పుడు రికార్డు. రెండింటికీ పడే శిక్షలో తేడా చాలా పెద్దది.

14వ అంశం ఇంకా బాగా రాశారు. పొరపాటు జరిగితే వెంటనే సరిదిద్దాలి, రోగికి దాచకుండా చెప్పి క్షమాపణ అడగాలి, రాసిపెట్టి పైవాళ్ళకి తెలియజేయాలి. ఇన్సులిన్ ఎక్కువ డోసు పడిందనుకుందాం. ముందు షుగర్ చూడాలి. అక్కడ కొలత మిల్లీమోల్స్‌లో ఉంటుంది. 4 కంటే తగ్గితే హైపో (షుగర్ బాగా పడిపోవడం) కింద లెక్క, మన మిల్లీగ్రాముల్లో సుమారు 72. రోగి స్పృహలో ఉండి మింగగలిగితే 15 నుంచి 20 గ్రాముల త్వరగా పట్టే చక్కెర ఇచ్చి, 10, 15 నిమిషాల్లో మళ్ళీ చూడాలి. డాక్టర్ని పిలవాలి, రోగికి చెప్పాలి, ఇన్సిడెంట్ ఫారమ్ నింపాలి, నోట్స్‌లో రాయాలి. ఈ తప్పు ఎందుకు జరుగుతుందో కూడా తెలిసిందే. 'యూనిట్లు' అని పూర్తిగా రాయకుండా ఇంగ్లీషు 'యు' అక్షరం పెడితే అది సున్నాలా కనిపించి 4 కాస్తా 40 అవుతుంది. ఇన్సులిన్ సిరంజి కాకుండా మామూలు సిరంజితో తీసినా అంతే. ఈ రెండు కారణాలతో ఇన్సులిన్ ఎక్కువ పడటం ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ 'ఎప్పటికీ జరగకూడని ఘటనల' జాబితాలో ఉంది. అయినా ఒక్కసారి జరిగి, నర్సు వెంటనే చెప్పేసి, మళ్ళీ శిక్షణ తీసుకుంటే అది సాధారణంగా ఆస్పత్రి స్థాయిలోనే తేలిపోతుంది. ఎన్‌ఎంసీ తన మార్గదర్శకాల్లో ఆ మాటే చెబుతుంది. చార్టు దిద్దితే మాత్రం కథ మారిపోతుంది.

కోడ్‌లో తేలిపోయిన చోట్లూ ఉన్నాయి. 21.1 ప్రకారం అతి చిన్నవి తప్ప బహుమతులు తీసుకోకూడదు. 'అతి చిన్నవి' అంటే ఎంత? అంకె లేదు. డిశ్చార్జి రోజున స్వీట్ బాక్సు, చేతిలో ఐదొందలు పెట్టడం చూసి పెరిగినవాళ్ళకి ఈ గీత ఎక్కడుందో కోడ్ చెప్పదు, ఆస్పత్రి పాలసీ చెబుతుంది. వార్డంతటికీ ఇచ్చిన చాక్లెట్ డబ్బాకి ఎవరూ అడ్డు చెప్పరు. డబ్బు, వోచర్లు, నగలు, వీలునామాలో పేరు, ఇవి ఎంత బతిమాలినా వద్దనే అనాలి, వద్దన్నట్టు మేనేజరుకి చెప్పి రాయించాలి. అప్పు విషయంలో మాత్రం 21.2 సూటిగా ఉంది: రోగి దగ్గర గానీ వాళ్ళ మనుషుల దగ్గర గానీ అడగకూడదు, ఇచ్చినా పుచ్చుకోకూడదు.

20.7 కూడా మనవాళ్ళు రెండుసార్లు చదవాల్సింది. మత, రాజకీయ, నైతిక విశ్వాసాలను తగని రీతిలో రోగుల ముందు పెట్టకూడదు. 'మీ కోసం ప్రార్థన చేస్తానండీ' అనే మాట మన ఆస్పత్రుల్లో ఆప్యాయత. అక్కడ రోగి అడగకుండా అంటే ఫిర్యాదుకి దారి తీయొచ్చు. రోగే అడిగితే ఆస్పత్రి చాప్లెయిన్ (మత గురువు) సేవ ఉందని చెప్పడం క్షేమం. అలాగే 7.5 ఇంగ్లీషులో స్పష్టంగా మాట్లాడగలగాలంటుంది. బ్రేక్ రూమ్‌లో తెలుగులో కబుర్లు చెప్పుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మంచానికి చెరోవైపు నిలబడి రోగి తల మీదుగా తెలుగులో మాట్లాడుకుంటే అభ్యంతరమే. తన గురించే ఏదో అంటున్నారని ఆ మనిషి అనుకుంటాడు, అలా అనుకోవడంలో తప్పూ లేదు.

సోషల్ మీడియాకి కోడ్ ఒక్క ఉపాంశం ఇచ్చి వదిలేసింది (20.10). విడిగా మార్గదర్శకం ఉంది గానీ, యూనిఫామ్ వేసుకుని వార్డులో రీల్స్ తీసే కాలానికి అది చాలదు. వెనకాల వైట్‌బోర్డు మీద రోగి పేరు ఒక్క క్షణం కనబడినా గోప్యత పోయినట్టే. వాట్సాప్ గ్రూపులో సలహా కోసం పెట్టిన పుండు ఫోటోకీ ఇదే వర్తిస్తుంది.

'మిస్‌కాండక్ట్' ఏదో కోడ్ చెప్పదు

చాలామందికి తెలియని సంగతి ఇది. ఏది వృత్తిపరమైన దుష్ప్రవర్తనో కోడ్‌లో ఎక్కడా నిర్వచనం లేదు. అది కోర్టు తీర్పుల నుంచి వచ్చింది. రాయ్‌లాన్స్ కేసులో ప్రివీ కౌన్సిల్ అనే పై కోర్టు చెప్పినదాని ప్రకారం, ఆ పరిస్థితిలో సరైనదానికి తక్కువగా పడిన చర్య గానీ, చేయాల్సింది చేయకపోవడం గానీ మిస్‌కాండక్ట్ అవుతుంది. దాన్ని కొలిచే బద్ద కోడ్. కోడ్ తప్పినంత మాత్రాన మిస్‌కాండక్ట్ కాదు, అది తీవ్రంగా ఉండాలి. మిస్‌కాండక్ట్ రుజువైనా పిన్ మీద ఆంక్ష పడుతుందని లేదు.

ఎన్‌ఎంసీలో కేసు వినే ప్యానెల్ మెట్లు ఎక్కినట్టు వెళుతుంది. ఆరోపణ నిజమా? ఇక్కడ 'అనుమానానికి తావు లేకుండా' అనే క్రిమినల్ కొలత లేదు. జరగకపోవడం కంటే జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందంటే చాలు. నిజమైతే అది మిస్‌కాండక్ట్ అయ్యేంత తీవ్రమా? అయితే, ఈ నర్సు పని చేసే యోగ్యతకి ఇవాళ లోటుందా? ఉంటే, ఏ ఆంక్ష? మూడో మెట్టులోని 'ఇవాళ' అన్న మాట మీదే కేసులు నిలుస్తాయి, కూలతాయి. 2008 నాటి కోహెన్ తీర్పు ఇచ్చిన మూడు ప్రశ్నలు వాడతారు: ఈ తప్పు సరిదిద్దుకోగలిగినదా, సరిదిద్దుకున్నారా, మళ్ళీ జరిగే అవకాశం బాగా తక్కువా? వీటికి తోడు 2011 నాటి గ్రాంట్ తీర్పు ఇంకోటి గుర్తు చేస్తుంది: మళ్ళీ జరగకపోయినా, ఊరుకుంటే వృత్తి మీద జనానికి నమ్మకం పోతుందా?

డోసు లెక్క తప్పడం సరిదిద్దుకోగలిగింది, శిక్షణ ఉంది, పరీక్ష ఉంది. అబద్ధానికి శిక్షణ లేదు. పిన్‌ని నిలబెట్టేదీ పోగొట్టేదీ చాలాసార్లు అసలు తప్పు కాదు, దాని తర్వాతి కొన్ని గంటల్లో నర్సు చేసిన పని. ఈ ముఖ్యమైన సంగతి కోడ్ చదివితే అర్థం కాదు. ఎన్‌ఎంసీ వెబ్‌సైట్‌లోనే విడిగా ఉన్న ఫిట్‌నెస్ టు ప్రాక్టీస్ (పని చేసే యోగ్యత) గ్రంథాలయంలో, అందులోనూ ఆంక్షల మార్గదర్శకంలో ఉంది. నిజాయతీ లేకపోవడంలోనూ తేడాలు ఉన్నాయని అది చెబుతుంది. సొంత డబ్బు లాభం కోసం, ముందే ఆలోచించి, పదేపదే, నిస్సహాయుల్ని ఆసరా చేసుకుని చేసింది ఒక వైపు. తడబాటులో ఒక్కసారి, లాభం ఏమీ లేకుండా జరిగింది మరో వైపు. కోడ్‌కి అయిదు నక్షత్రాలు ఇవ్వకుండా ఆపుతున్నది ఇదే: పుస్తకం ఒక చోట, దాని అసలు అర్థం మరో చోట. పిన్ రాగానే మొదట చదవాల్సింది ఆ మార్గదర్శకం.

కేర్ హోమ్‌లో ఉదయం ఎనిమిదింటి మందులు

ఎన్‌ఎంసీ ప్రచురించే తీర్పుల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే ఆరోపణలు చూస్తే, అవి ఎలా పుడతాయో కేర్ హోమ్‌లో ఒక్క డ్రగ్ రౌండ్ చాలు అర్థం కావడానికి. డ్రగ్ ట్రాలీ, ఎవరికి ఏ మందు ఎప్పుడు ఇచ్చారో రాసే మార్ చార్టుల ఫైలు, ఒక్క నర్సు. టైము కలిసొస్తుందని నలుగురైదుగురి మాత్రలు ముందే చిన్న కప్పుల్లో వేసి వరసగా పెడతారు. మొదటి తప్పు ఇది. కప్పుల మీద పేర్లు ఉండవు, మధ్యలో బెల్ మోగితే వరస తారుమారవుతుంది. రెండోది ముందే సంతకం. మాత్ర తీసినప్పుడే చార్టులో గడి నింపేస్తే, ఆ పెద్దాయన మింగకుండా ఉమ్మేసినా రికార్డులో మింగినట్టే. సరైన వరస ఇదీ: ఒక మనిషి, ఆ మనిషి చార్టు, ఫోటో చూసి గుర్తుపట్టడం, మాత్రలు తీయడం, ఇవ్వడం, మింగేదాకా నిలబడటం, అప్పుడు సంతకం. వద్దంటే సంతకం స్థానంలో 'నిరాకరించారు' అని తెలిపే గుర్తు అక్షరం. ఆ అక్షరాల పట్టిక చార్టులోనే అచ్చై ఉంటుంది, ఒక్కో హోమ్‌లో ఒక్కోలా ఉండొచ్చు, చూసి వేయాలి. తర్వాత మళ్ళీ అడగాలి. వరసగా వద్దంటుంటే జీపీకి (ఆ మనిషిని చూసే ఫ్యామిలీ డాక్టరుకి) చెప్పాలి.

మార్ఫిన్ లాంటి కంట్రోల్డ్ డ్రగ్స్‌కి విడి రిజిస్టరు, రెండో సాక్షి సంతకం, ప్రతిసారీ మిగిలిన నిల్వ లెక్క. సాక్షి సంతకమంటే పక్క వార్డు నుంచి వచ్చి గీకిపోవడం కాదు. తీయడం, ఇవ్వడం, మిగిలింది పారబోయడం కళ్ళారా చూసినట్టు అది హామీ. చూడకుండా పెడితే ఇద్దరిదీ తప్పుడు రికార్డే. సీనియర్ సిస్టర్ అడిగారని మొహమాటానికి పెట్టే సంతకం ఇక్కడ చాలా ఖరీదైనది.

వార్డులో దీనికి జోడీ, రోగి పరిస్థితి దిగజారుతోందేమో ముందే పసిగట్టే న్యూస్-2 చార్టు. శ్వాస రేటు, ఆక్సిజన్ శాతం, పై బీపీ, నాడి, స్పృహ, టెంపరేచర్‌లకి పాయింట్లు వేస్తారు, ఆక్సిజన్ మీద ఉంటే అదనం. మొత్తం 5 గానీ 6 గానీ అయితే అత్యవసరంగా డాక్టరు చూడాలి, 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఎమర్జెన్సీ టీమ్. మెషీన్ చెప్పేవన్నీ సరిగ్గానే పడతాయి, శ్వాస రేటు మాత్రం కళ్ళతో లెక్కపెట్టాలి. ఒక నిమిషం పడుతుంది కాబట్టి అందరికీ 16 అనో 18 అనో రాసేస్తారు. రాత్రంతా ఒకే అంకె, ఉదయానికి రోగి పరిస్థితి చేయి దాటి ఉంటే, ఆ వరస ఒక్కటే ప్యానెల్ ముందు నర్సుని నిలబెడుతుంది.

వార్డు బయట పుట్టే ఆరోపణల్లో బాగా కనిపించేది సిక్ లీవ్. ఒక ఆస్పత్రి నుంచి సిక్ పే తీసుకుంటూ అదే వారంలో ఏజెన్సీ షిఫ్టు చేయడం. ఇంటికి డబ్బు పంపాలనే తొందర అర్థమయ్యేదే, కానీ ఆంక్షల మార్గదర్శకం దీన్ని డబ్బు లాభం కోసం చేసిన మోసం వైపే తోస్తుంది. రెండు చోట్లా రోస్టర్లు ఉంటాయి, పక్కపక్కన పెడితే చాలు. దరఖాస్తులో పాత ఉద్యోగం నుంచి తీసేసిన సంగతి దాచడం, చుట్టాల రికార్డు తెరిచి చూడటం, నైట్ డ్యూటీలో దుప్పటి కప్పుకుని పడుకోవడం కూడా తరచూ వచ్చేవే. పోలీస్ కేసులో ఛార్జి గానీ కాషన్ (పోలీసుల అధికారిక హెచ్చరిక) గానీ పడితే ఎన్‌ఎంసీకీ యాజమాన్యానికీ వెంటనే చెప్పాలి (23.2). పార్కింగ్ చలానాకి అక్కర్లేదు, తాగి నడిపిన కేసుకి కావాలి.

రిజిస్టర్ వెతుకులాట

ఈ భాగంలో తప్పు పట్టడానికి పెద్దగా లేదు. వెబ్‌సైట్‌లో పేరో పిన్నో కొడితే క్షణాల్లో వస్తుంది, ఎవరైనా చూడొచ్చు, డబ్బు అడగరు. పిన్‌లో వరసగా రెండు అంకెలు, ఒక అక్షరం, నాలుగు అంకెలు, మళ్ళీ ఒక అక్షరం ఉంటాయి. పేరు రిజిస్టర్‌లో ఉందా, నర్సా, మిడ్‌వైఫా, ఆంక్షలేమైనా ఉన్నాయా అన్నది అక్కడే కనబడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళకి నర్సుని పెట్టుకునే తెలుగు కుటుంబాలు లండన్‌లోనూ లీడ్స్‌లోనూ ఉన్నాయి, ఏజెన్సీ మాట నమ్మే ముందు ఈ పేజీ చూడటానికి రెండు నిమిషాలు చాలు.

ఇక్కడ నర్సులు దెబ్బ తినేది నేరం వల్ల కాదు, మతిమరుపు వల్ల. ఏటా ఫీజు, మూడేళ్ళకోసారి రీవాలిడేషన్ (నమోదు పునరుద్ధరణ). దానికి 450 గంటల పని, 35 గంటల శిక్షణ (అందులో 20 గంటలు నలుగురితో కలిసి నేర్చుకున్నది), అయిదు అభిప్రాయాలు, అయిదు రాతపూర్వక ఆత్మపరిశీలనలు, వాటి మీద మరో నర్సుతో చర్చ, ఆరోగ్యం, నడవడిక, ఇన్సూరెన్సుల మీద డిక్లరేషన్, చివరగా ఇవన్నీ జరిగాయని ధ్రువీకరించే కన్ఫర్మర్ సంతకం. గడువు దాటితే పేరు జారిపోతుంది, తిరిగి చేరడానికి వారాలు పడుతుంది. ఆ మధ్యలో నర్సుగా డ్యూటీ చేస్తే అదే కొత్త ఆరోపణ.

విచారణ సేవ

ఫిర్యాదు ఎవరైనా చేయొచ్చు. స్క్రీనింగ్‌లో నిలబడితే దర్యాప్తు, తర్వాత ఇద్దరు కేస్ ఎగ్జామినర్లు చూస్తారు. ఒకరు నర్సింగ్ వృత్తి మనిషి, ఒకరు బయటివారు. వాళ్ళు కేసు లేదని మూసేయొచ్చు, సలహా ఇవ్వొచ్చు, హెచ్చరించొచ్చు, షరతులకి ఒప్పించొచ్చు, లేదా హియరింగ్‌కి పంపొచ్చు. ప్రమాదం ఉందనిపిస్తే ఇవేవీ తేలకముందే 18 నెలల దాకా తాత్కాలిక సస్పెన్షనో షరతులో విధించొచ్చు. హియరింగ్ సాధారణంగా బహిరంగం, ఆరోగ్య విషయాలకి మాత్రం తలుపులు మూస్తారు.

కాగితం మీద న్యాయంగానే ఉంది. నడకే ఘోరం. ఏళ్ళ తరబడి సాగిన కేసులున్నాయి. రెగ్యులేటర్లని పర్యవేక్షించే ప్రొఫెషనల్ స్టాండర్డ్స్ అథారిటీ సమీక్షల్లో కేసుల వేగం ప్రమాణాన్ని ఎన్‌ఎంసీ ఏళ్ళపాటు అందుకోలేదు. నల్లజాతి నర్సులూ మగ నర్సులూ వాళ్ళ సంఖ్యకి మించి యాజమాన్యాల ఫిర్యాదులకి గురవుతున్నారని 2022లో ఎన్‌ఎంసీ సొంత పరిశోధనే చెప్పింది. 2024 జులైలో నజీర్ అఫ్జల్, రైజ్ అసోసియేట్స్ ఇచ్చిన స్వతంత్ర నివేదిక ఎన్‌ఎంసీ లోపలే జాతివివక్ష, బెదిరింపుల సంస్కృతి ఉందని రాసింది. నర్సులకి మర్యాద నేర్పే సంస్థ గురించి ఇంతకంటే గట్టి రివ్యూ ఎవరూ రాయలేరు.

వలస వెళ్ళిన నర్సుకి ఆలస్యం ఇంకో రకంగా తగులుతుంది. తాత్కాలిక సస్పెన్షన్ వస్తే ఉద్యోగం పోవచ్చు. స్పాన్సర్‌షిప్ పోతే వీసాని సాధారణంగా 60 రోజులకి కుదిస్తారు. కేసేమో నెలలు నడుస్తుంది. ఈ రెండు గడియారాలూ కలవవు.

కాబట్టి ఈమెయిల్ వచ్చిన రోజు చేయాల్సినవి ముందే తెలిసి ఉండాలి. ఒంటరిగా జవాబు రాయొద్దు. ఆర్‌సీఎన్, యూనిసన్ లాంటి యూనియన్లు ప్రతినిధిని ఇస్తాయి, కానీ ఘటన నాటికే సభ్యత్వం ఉందా అని చూస్తాయి. కష్టం వచ్చాక చేరితే లాభం ఉండకపోవచ్చు. ఎన్‌హెచ్‌ఎస్ ఇన్సూరెన్సు రోగి వేసే నష్టపరిహారం దావాకే, హియరింగ్ లాయరు ఖర్చు అందులో రాదు. రోస్టర్లు, మీ ఈమెయిళ్ళు, శిక్షణ సర్టిఫికెట్లు పోగేయండి. రోగి నోట్స్ మాత్రం ఫోన్‌లో ఫోటో తీసుకోవద్దు, సాక్ష్యం అనుకున్నదే రెండో ఆరోపణ అవుతుంది. ఫిర్యాదు చేసిన మనిషికి ఫోన్ చేయొద్దు. యోగ్యతాపత్రం రాసే సిస్టర్‌కి ఆరోపణ ఏమిటో తెలుసని ఆ ఉత్తరంలోనే ఉండాలి, లేకపోతే ప్యానెల్ దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోదు. ఆత్మపరిశీలన పత్రంలో 'చాలా బాధపడుతున్నాను' అని పేజీ నింపితే పనికిరాదు. ఆ రాత్రి ఏం జరిగింది, ఎందుకు జరిగింది, రోగికి ఏమయ్యేది, ఇప్పుడు అదే పరిస్థితిలో ఏ మెట్టు మార్చారు, ఇవి రాయాలి. నెట్‌లో దొరికే నమూనా కాపీ కొడితే పట్టుబడుతుంది. అదీ నిజాయతీ లెక్కలోకే వెళుతుంది.

ఇక్కణ్ణుంచి వెళ్ళేవాళ్ళకి ఇంకో హెచ్చరిక. ఏజెంటు నింపిన ఫారమ్ మీద సంతకం మీదే. లేని అనుభవం రాయించి పిన్ తెచ్చుకుంటే, మోసంతో పొందిన నమోదుగా దాన్ని తీసేసే అధికారం చట్టంలో ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నర్సింగ్ కౌన్సిళ్ళ దగ్గర మీ మీద చర్య ఉంటే అదీ అక్కడ కేసుకి ఆధారమే, దాచకూడదు. మన దగ్గర ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నడవడిక నియమావళి ఉంది, 2023లో పార్లమెంటు నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం కూడా చేసింది. ఎన్‌ఎంసీ దగ్గర నేర్చుకోదగ్గది ఒకటుంది: ఆంక్ష పడిన తీర్పుని కారణాలతో సహా అందరికీ కనబడేలా పెట్టడం. నర్సింగ్ కాలేజీలో వృత్తి ధర్మం పాఠానికి అంతకంటే మంచి పుస్తకం దొరకదు.

ఆంక్షలు వరసగా ఇవీ: ఏ చర్యా లేకపోవడం, 1 నుంచి 5 ఏళ్ళ కాషన్ (ఎన్‌ఎంసీ ఇచ్చే హెచ్చరిక), 3 ఏళ్ళ దాకా షరతులతో పని, ఏడాది దాకా సస్పెన్షన్, స్ట్రైక్ ఆఫ్ (రిజిస్టర్ నుంచి పేరు కొట్టేయడం). జరిమానా అనేది లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో అయితే నర్సుకి ఒక్కో ఆరోపణకి 10,000 డాలర్ల దాకా వేయొచ్చు. ఆరోగ్యం, పనితనం లోపం, ఇంగ్లీషు కారణంగా వచ్చిన కేసుల్లో నేరుగా స్ట్రైక్ ఆఫ్ చేయలేరు, రెండేళ్ళు వరసగా సస్పెన్షనో షరతులో నడిచాకే. స్ట్రైక్ ఆఫ్ అయినవాళ్ళు అయిదేళ్ళ దాకా తిరిగి దరఖాస్తు పెట్టుకోలేరు. తీర్పు మీద అప్పీలుకి గడువు 28 రోజులు, వెళ్ళాల్సింది కోర్టుకి, ఎన్‌ఎంసీకి కాదు. ఆ 28 రోజుల్లో ఆంక్ష అమల్లోకి రాకపోయినా పని చేసుకోవచ్చని అనుకోవద్దు. ఆ ఖాళీని పూడ్చడానికి ప్యానెల్ సాధారణంగా అదే రోజు తాత్కాలిక ఆర్డరు వేసేస్తుంది. తీర్పు ఉత్తరంలో చివరి పేరాల్లో ఉంటుంది అది, అక్కడిదాకా చదవాలి.